పడలేదు సరే, ఎంతసేపటికి?

"ఏ మందైనా పడదా అమ్మా?"

"పెన్సిలిన్ పడదు తల్లీ."

నర్సు ఎర్ర పెన్ను తీసి మా అమ్మ ఫైలు మీద ఆ మాట పెద్దక్షరాలతో రాసి, కింద రెండు గీతలు కొట్టింది. సంగతి అక్కడితో అయిపోయింది. ఎప్పుడు పడలేదు, ఏమైంది, సూది వేశాక ఎంతసేపటికి అయింది అని ఎవరూ అడగలేదు. పక్కనే కూర్చున్న నేనూ అడగలేదు.

"పడదు" చాలా సౌకర్యమైన మాట. ఒకరికి పాలు పడవు, ఒకరికి వంకాయ పడదు, ఊరు మారితే నీళ్లు పడవు. అత్తాకోడళ్లకు పడకపోవడం సరేసరి. కానీ మందుల దగ్గర ఈ ఒక్క మాట కింద నాలుగు వేర్వేరు జబ్బులు దాక్కుంటాయి. వాటిని విడదీసేది ఒక అంకె. అది మందు మోతాదు కాదు, గడియారంలో అంకె. నిమిషాలా, గంటలా, రోజులా, వారాలా?

ముందు పెన్సిలిన్ లెక్కే చూద్దాం. దీనిమీద అధ్యయనాలు బాగా జరిగిన పాశ్చాత్య దేశాల్లో నూటికి దాదాపు 10 మంది తమకు పెన్సిలిన్ పడదంటారు. వాళ్లను కూర్చోబెట్టి పద్ధతి ప్రకారం పరీక్షిస్తే ఆ పదిమందిలో 9 మందికి హాయిగా పడుతుంది. చిన్నప్పుడు జ్వరంలో ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి. అవి వైరస్ వల్ల వచ్చినా, ఆ వారం వాడిన మందు మీదికే నింద వెళ్తుంది. నిజంగా అలర్జీ ఉన్నవాళ్లలోనూ 10 ఏళ్లు మందు జోలికి పోకుండా ఉంటే నూటికి 80 మందికి ఆ గుణం పోతుంది. శరీరం మరిచిపోయినా ఫైలు మీద ఎర్రసిరా మాత్రం మరిచిపోదు.

రోగనిరోధక వ్యవస్థ చేసే ఈ అతి చేష్టను డాక్టర్లు హైపర్‌సెన్సిటివిటీ అంటారు. దాన్ని నాలుగు గదులుగా విభజించింది ఇద్దరు బ్రిటిష్ శాస్త్రవేత్తలు, ఫిలిప్ జెల్, రాబిన్ కూంబ్స్. 1963లో వచ్చిన వాళ్ల పాఠ్యగ్రంథంతో ఆ విభజన స్థిరపడింది. ఇవాళ్టికీ ఎంబీబీఎస్ విద్యార్థి పరీక్షలో రాసేది అదే. పెన్సిలిన్ ప్రత్యేకత ఏమిటంటే ఒక్క మందే అయినా అది నాలుగు గదుల్లోకీ దూరగలదు. దాని అణుభారం 334. అంత చిన్న అణువును మన రక్షణ కణాలు శత్రువుగా గుర్తుపట్టలేవు. అందుకే అది ముందు మన ప్రొటీన్ దేనికో అంటుకుంటుంది. దేనికి అంటుకుంది, దాన్ని ఎవరు పట్టుకున్నారు అన్నదాన్నిబట్టి గడియారం మారుతుంది.

5, 15, 30

మొదటి రకం నిమిషాల వ్యవహారం. 1901లో మొనాకో రాజు ఆల్బర్ట్ ఓడ మీద షార్ల్ రిషే, పాల్ పోర్టియే అనే ఇద్దరు ఫ్రెంచివాళ్లు సముద్రజీవుల విషం మీద ప్రయోగాలు మొదలుపెట్టారు. ఒడ్డుకొచ్చాక సీ అనిమోన్ విషాన్ని కుక్కలకు ఎక్కించి చూశారు. నెప్ట్యూన్ అనే కుక్కకు మొదటి మోతాదు ఏమీ చేయలేదు. మూడు వారాలు దాటాక, కుక్క ఆరోగ్యంగా తిరుగుతుండగా అదే మోతాదు మళ్లీ ఇచ్చారు. కొన్ని సెకన్లలో ఆయాసం మొదలైంది. రక్తం కక్కుకుని 25 నిమిషాల్లో చచ్చిపోయింది. అలవాటు పడాల్సిన ఒళ్లు అలవాటు పడకపోగా ఎదురు తిరిగింది. దానికి 1902లో అనాఫిలాక్సిస్ అని పేరు పెట్టారు. రిషేకు 1913లో నోబెల్ వచ్చింది.

"మొన్న ఇదే ఇంజెక్షన్ చేశారండీ, ఏం కాలేదు" అనే మాట భరోసా కాదని చెప్పింది ఆ కుక్కే. మొదటిసారి శరీరం ఐజీఈ అనే యాంటీబాడీని తయారుచేసుకుంటుంది. అది చర్మంలో, ఊపిరితిత్తుల్లో, పేగుల్లో ఉండే మాస్ట్ కణాల మీద ఎక్కి కూర్చుంటుంది. రక్తంలో ఐజీఈ ఆయుష్షు రెండు రోజులు. మాస్ట్ కణం మీద ఎక్కితే మాత్రం వారాలు. మందో, రొయ్యో, కందిరీగ విషమో రెండోసారి వచ్చి రెండు ఐజీఈలను కలిపి పట్టుకుందంటే మాస్ట్ కణంలో ముందే మూటకట్టి ఉంచిన హిస్టమిన్ బయటపడుతుంది. కొత్తగా తయారు కావాల్సిందేమీ లేదు కాబట్టే అంత వేగం.

వేగం ఎంతో బ్రిటన్‌లో లెక్కవేశారు. అనాఫిలాక్సిస్ మరణాల్ని ఒక్కొక్కటిగా పరిశీలించి 2000లో ప్రచురించిన ఆ లెక్క ప్రకారం గుండె లేదా ఊపిరి ఆగడానికి పట్టిన మధ్యస్థ సమయం ఆసుపత్రిలో ఇచ్చిన మందులైతే 5 నిమిషాలు, కందిరీగ, తేనెటీగ కాటైతే 15, తిండి అయితే 30. ఆ కాస్త సమయంలో రక్తనాళాల్లోని ద్రవంలో మూడో వంతుకు పైగా బయటి కణజాలంలోకి జారిపోవచ్చు. మనిషి కుర్చీలో కూర్చునే ఉంటాడు, గుండెకు కొట్టడానికి రక్తం ఉండదు. అలాంటివాణ్ణి లేపి నిలబెట్టి బాత్రూముకు నడిపించడం ప్రాణాల మీదికి తెస్తుంది. పడుకోబెట్టి కాళ్లు ఎత్తాలి.

మన దగ్గర రియాక్షన్ అనగానే చేతికందేవి అవిల్, డెక్సా. అవిల్ దురద తగ్గిస్తుంది. పడిపోతున్న బీపీని అది లేపలేదు. డెక్సా లాంటి స్టెరాయిడ్ పని మొదలుపెట్టేందుకు గంటలు కావాలి. పైన చెప్పిన 5, 15, 30 ముందు ఆ గంటలు ఎందుకూ కొరగావు. నిలబెట్టే మందు అడ్రినలిన్. మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము ఉండే చిన్న గాజు ఆంప్యూల్. పెద్దవాళ్లకు అందులో సగం, అంటే అర మిల్లీలీటరు, తొడ బయటివైపు మధ్యభాగంలో కండకు. పిల్లలకు కిలో బరువుకు 0.01 మిల్లీగ్రాము. తగ్గకపోతే 5 నుంచి 15 నిమిషాల్లో మళ్లీ. టీకా వేశాక అరగంట కూర్చోమనేది కూడా ఈ గడియారాన్ని చూసుకునే. విసుక్కుని 10 నిమిషాలకే లేచిపోయేవాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి ఎవరినీ తప్పుపట్టను.

72 గంటలు, 21 రోజులు

రెండో రకంలో యాంటీబాడీ నేరుగా మన కణం మీదే దాడి చేస్తుంది. ఎక్కువ మోతాదు పెన్సిలిన్ వారానికి మించి నడిస్తే అది ఎర్రకణాల పొరకు అంటుకోవచ్చు. దాన్ని పట్టుకోబోయి యాంటీబాడీలు ఎర్రకణాన్నే పగలగొడతాయి. అరుదైన సంగతే. ఇదే రకానికి అందరికీ తెలిసిన రూపం గ్రూపు తప్పి రక్తం ఎక్కించడం. కొన్ని మిల్లీలీటర్లు లోపలికి వెళ్లేసరికే చలి, వణుకు, నడుంనొప్పి, నల్లటి మూత్రం.

మన ఇళ్లలో ఎక్కువగా వినిపించేది "నెగెటివ్ గ్రూపు" గోల. భారతదేశంలో ఆర్‌హెచ్ నెగెటివ్ నూటికి దాదాపు 5 మంది. తల్లి నెగెటివ్, బిడ్డ పాజిటివ్ అయితే కాన్పులో బిడ్డ రక్తం కొంత తల్లిలోకి వెళ్తుంది. ఏమీ చేయకపోతే అలాంటి తల్లుల్లో నూటికి 16 మందిలో యాంటీబాడీలు పుడతాయి. మొదటి బిడ్డ బాగానే ఉంటుంది, రెండో బిడ్డ ఎర్రకణాలు పగులుతాయి. కాన్పయిన 72 గంటల్లోపు యాంటీ-డి ఇంజెక్షన్ చేస్తే ఆ 16 ఒకటి రెండుకు పడిపోతుంది. గర్భం 28వ వారంలో కూడా ఒక ఇంజెక్షన్ చేస్తే వెయ్యికి ఒకరిద్దరు. 300 మైక్రోగ్రాముల ఒక్క మోతాదు 30 మిల్లీలీటర్ల బిడ్డ రక్తానికి సరిపోతుంది. వైద్యంలో ఇంత శుభ్రంగా ఫలించిన లెక్కలు తక్కువ. మొదటిసారి గర్భస్రావమైన నెగెటివ్ తల్లికి "బిడ్డే లేదు కదా" అని ఈ సూది వదిలేయడం నా దృష్టిలో క్షమించరాని పొరపాటు.

ఎర్రకణాలకు అంటుకున్న యాంటీబాడీని పట్టే పరీక్షను 1945లో రూపొందించిన ముగ్గురిలో మన నాలుగు గదుల కూంబ్స్ ఒకడు. గర్భిణి చీటీలో "ఐసీటీ" అని కనిపిస్తే అందులో "సీ" ఆయనే.

ఇదే గదిలో ఉన్న ఇంకో జబ్బు రుమాటిక్ జ్వరం. పిల్లలకు స్ట్రెప్టోకాకస్ వల్ల గొంతునొప్పి వచ్చి తగ్గిపోతుంది. రెండు మూడు వారాలకు కీళ్లు వాచి గుండె కవాటాలు దెబ్బతింటాయి. సూక్ష్మజీవి పొరమీది ప్రొటీన్‌కు, గుండె ప్రొటీన్‌కు పోలిక ఉండటంతో దానిమీద తయారైన ఆయుధం దీనిమీద పడుతుంది. టీ-కణాలకూ ఇందులో పాలుంది. మళ్లీ మళ్లీ రాకుండా 12 లక్షల యూనిట్ల బెంజథీన్ పెన్సిలిన్‌ను ప్రతి 21 రోజులకు, ఏళ్ల తరబడి వేస్తారు. ఇప్పుడు ఆ ఎర్రసిరా సంగతి మళ్లీ చూడండి. ఈ పిల్లాడి ఫైలు మీద ఎవరో తొందరపడి "పెన్సిలిన్ పడదు" అని రాస్తే వాడి గుండెకున్న మంచి కాపు పోతుంది.

పాము కాటేసిన ఎనిమిదో రోజు

మూడో రకానికి నాకు తెలిసిన స్పష్టమైన ఉదాహరణ పాముకాటు మందు. 2000 నుంచి 2019 వరకు 20 ఏళ్లలో భారతదేశంలో పాముకాటుకు 12 లక్షల మంది పోయారని ఒక పెద్ద మరణాల అధ్యయనం అంచనా వేసింది. ఏడాదికి సగటున 58,000. అందులో దాదాపు 70 శాతం ఎనిమిది రాష్ట్రాల్లోనే జరిగాయి. తెలంగాణను కలుపుకున్న ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర విషాలను కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తంలో పుట్టిన యాంటీబాడీలతో మందు చేస్తారు. మొదట ఇచ్చేది సాధారణంగా 8 నుంచి 10 వయల్స్, అంటే 100 మిల్లీలీటర్ల దాకా గుర్రపు ప్రొటీన్. విషం మనిషి బరువు చూసి రాదు కాబట్టి పసివాడికైనా పెద్దవాడికైనా మోతాదు ఒకటే.

ఈ మందు రెండు గడియారాల మీద నడుస్తుంది. డ్రిప్ మొదలైన కొన్ని నిమిషాల నుంచి గంటా రెండు గంటల్లోపు దద్దుర్లు, వాంతి, బీపీ పడిపోవడం మొదటి గడియారం. చూడ్డానికి మొదటి రకంలా ఉన్నా చాలామందిలో దీనికి ఐజీఈతో పనిలేదు. జీవితంలో మొదటిసారి మందు ఎక్కించుకున్నవాళ్లకూ వస్తుంది. చికిత్స మాత్రం అదే అడ్రినలిన్. ముందుగా చర్మం మీద "టెస్ట్ డోస్" వేసి చూడటం ఇక్కడ ఏమీ చెప్పదు. టైమ్ వృథా, పైగా ఆ చుక్కే ప్రమాదం తేవచ్చు.

రెండో గడియారం ఇంటికెళ్లాక మోగుతుంది. గండం గడిచి రైతు ఊరికెళ్లిపోతాడు. ఏడో రోజో ఎనిమిదో రోజో జ్వరం, కీళ్ల నొప్పులు, దురద దద్దుర్లు, చంకల్లో బిళ్లలు. వేరే డాక్టర్ దగ్గరికి పోయి చికున్‌గున్యా ఏమో అనుకుంటాడు, పాము మాటే ఎత్తడు. గుర్రపు ప్రొటీన్ ఇంకా రక్తంలో తిరుగుతుండగానే మన యాంటీబాడీలు తయారై, రెండూ కలిసి ముద్దలు కట్టి కీళ్లలో, చర్మంలో, మూత్రపిండాల వడపోత జల్లెడలో ఇరుక్కుంటాయి. మందు ఎంత ఎక్కువ పోస్తే అంత అవకాశం. కొద్ది రోజుల స్టెరాయిడ్ మాత్రలతో చాలామందికి తగ్గిపోతుంది. డిశ్చార్జి చీటీలో ఈ సంగతి ఒక్క వాక్యం రాసిస్తే ఆ రైతుకు అక్కర్లేని పరీక్షలు తప్పుతాయి.

వియన్నాలో క్లెమెన్స్ ఫాన్ పిర్కే, బేలా షిక్ చూసింది ఇదే. డిఫ్తీరియా పిల్లలకు గుర్రపు సీరం ఇచ్చాక 8 నుంచి 12 రోజులకు జ్వరం, దద్దుర్లు వస్తున్నాయి. అదే బిడ్డకు రెండోసారి సీరం ఇస్తే అన్ని రోజులు పట్టడం లేదు, ముందే వస్తున్నాయి. 1905లో దీనిమీద ఇద్దరూ పుస్తకం రాశారు. ఆ మరుసటేడే పిర్కే "అలర్జీ" అన్న మాట పుట్టించాడు. గ్రీకులో "మారిన స్పందన" అన్న అర్థం వచ్చేలా కట్టిన ఆ పదానికి పునాది రోజులు లెక్కపెట్టడమే.

ఈ గదికీ తర్వాతి గదికీ మధ్య గోడ పలచన. బూజుపట్టిన గడ్డి, పావురాల రెట్ట పీల్చిన నాలుగు నుంచి ఎనిమిది గంటలకు దగ్గు, చలిజ్వరం వచ్చే ఊపిరితిత్తుల జబ్బులో మూడో రకం, నాలుగో రకం రెండూ కలిసి ఉంటాయి. దేశంలో 27 కేంద్రాల నుంచి 1084 మంది రోగుల వివరాలు చేర్చి 2017లో వెలువరించిన ఊపిరితిత్తుల రిజిస్ట్రీలో 47 శాతం మందిది ఈ కోవకు చెందిన జబ్బే. వాళ్లలో దాదాపు సగం మంది ఎయిర్ కూలర్ గాలి పీల్చినవాళ్లు. మార్చిలో అటకమీంచి దించి, కిందటేటి గడ్డిమెత్తలతోనే నీళ్లుపోసి ఆన్ చేసే కూలర్ ప్రతి ఊళ్లోనూ ఉంది.

బాల్‌పెన్ను, స్కేలు

నాలుగో రకంలో యాంటీబాడీ లేదు, కణాలే వస్తాయి. ఆ తేడా రెండు ప్రయోగాల్లో తేలింది. 1921లో క్యూస్ట్నర్ అనే జర్మన్ డాక్టర్‌కు చేప పడదు. ఆయన రక్తపు సీరాన్ని సహచరుడు ప్రౌస్నిట్స్ తన పొట్ట చర్మంలోకి ఎక్కించుకుని, మర్నాడు అక్కడే చేప సారం పొడిపించుకున్నాడు. దద్దురు లేచింది. మొదటి రకం సీరంతో ఒకరి నుంచి ఇంకొకరికి వెళ్తుందన్నమాట. 1942లో లాండ్‌స్టీనర్, మెరిల్ చేజ్ గినీపందుల మీద చర్మపు అలర్జీతో అలాగే చేయబోతే సీరం పనిచేయలేదు, తెల్లకణాలు పనిచేశాయి. కణాలు ఆ చోటుకి రావాలి, గుమికూడాలి, పెరగాలి. అందుకే రెండు మూడు రోజులు.

టీబీ అనుమానంతో చేసే మాంటూ పరీక్ష ఈ రకాన్ని కావాలని పుట్టించడమే. ముంజేతి లోపలివైపు చర్మం పొరలోకి 0.1 మిల్లీలీటరు ట్యూబర్‌క్యులిన్. 48 నుంచి 72 గంటల మధ్య చూడాలి. ఎరుపును కొలవకూడదు, గట్టిబడిన భాగాన్నే కొలవాలి. దానికి మంచి ఉపాయం మామూలు బాల్‌పెన్ను. దూరం నుంచి చర్మం మీద గీత గీస్తూ లోపలికి వస్తుంటే ఒకచోట పెన్ను ఆగుతుంది. అటువైపు నుంచీ అలాగే. రెండు గీతల మధ్య దూరం స్కేలు పెట్టి చూస్తే 10 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటే పాజిటివ్ అంటారు. మర్నాడే చెయ్యి చూసుకుని "ఏం రాలేదు" అని రెండోసారి పోకుండా ఉండిపోయేవాళ్లు చాలామంది. నాలుగో రకం గడియారం అప్పటికి ఇంకా పూర్తిగా తిరగలేదు.

మన పెరళ్లలో, పొలాల్లో ఈ రకానికి కొదవ లేదు. చాకిరేవులో బట్టలకు గుర్తుపెట్టిన నల్లజీడి, పలాసలో జీడిపిక్కల పెంకు నూనె, మామిడి సొన, మూడూ ఒకే వృక్షకుటుంబం. సొన తగలగానే చురుక్కుమని మండితే అది రసాయనపు కాటు, ఎవరికైనా వస్తుంది. రెండు రోజులకు కొందరికే మూతి చుట్టూ దురద పొక్కులు లేస్తే అది నాలుగో రకం. 1950ల్లో పుణె దగ్గర కనిపించి దేశమంతా పాకిన వయ్యారిభామ రెండు చేతులా కొడుతుంది. పుప్పొడికి వెంటనే తుమ్ములు, కళ్లదురద, అంటే మొదటి రకం. ఆకుల ధూళి ఏళ్ల తరబడి తగిలిన రైతుకు ముఖం, మెడ నల్లబారి మందం కట్టే చర్మవ్యాధి, అంటే నాలుగో రకం.

పెన్సిలిన్‌తో వారం రోజులకు వచ్చే ఎర్రటి చిన్న దద్దుర్లు చాలావరకు ఈ రకమే. మందు వేసేముందు చేసే టెస్ట్ డోస్ చూసేది మొదటి గడియారాన్నే. అందులో పాసైనంత మాత్రాన మిగతా మూడింటికీ పాసైనట్టు కాదు. అన్నీ తేలికపాటివీ కాదు. పెదవులు, కళ్లు పుండ్లుపడి చర్మం ఊడొచ్చే భయంకరమైన రియాక్షన్ కూడా ఈ ఆలస్యపు గదిలోదే. అది ఒక్కసారి వచ్చిందంటే ఆ మందుకు జన్మలో మళ్లీ పోకూడదు, పరీక్షకైనా సరే.

1963 నాటి నాలుగు గదులు చాలడం లేదని చాలాకాలంగా అంటున్నారు. 2023లో ఐరోపా అలర్జీ అకాడమీ వాటిని 7 చేయాలని ప్రతిపాదించింది. కొన్ని జబ్బులు ఎన్ని గదులు కట్టినా ఒకదాంట్లో ఇమడవు. తీరప్రాంతాల ఫైలేరియా పురుగు పిల్లలకు ఊపిరితిత్తులు అతిగా స్పందిస్తే రాత్రిపూట ఆగని దగ్గు వస్తుంది. రక్తంలో 500 దాటకూడని ఇసినోఫిల్స్ 3000 దాటుతాయి. ఆస్తమా అనుకుని ఏళ్లు గడిపేస్తారు. దానికి మందు డీఈసీ, కిలోకు 6 మిల్లీగ్రాముల చొప్పున మూడు వారాలు. ఆ మందును 1947లో వెలుగులోకి తెచ్చింది లెడర్లీ ప్రయోగశాలలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన బృందం. హెట్రజాన్ పేరుతో వచ్చిన ఆ మాత్ర అంటే కోస్తా పల్లెల్లో పాతవాళ్లకు ఇప్పటికీ తెలుసు.

కిందటి నెల అమ్మను ఇంకో డాక్టర్‌కు చూపించాను. ఆయన ఎర్రసిరా చూసి పెన్ను పక్కన పెట్టాడు.

"ఎప్పటి సంగతమ్మా?"

"నా పెళ్లికి ముందు బాబూ. గొంతు వాచి జ్వరం వస్తే సూదులు వేశారు."

"మొదటి సూదికేనా? ఎంతసేపటికి?"

అమ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టింది. "ఆదివారం మొదలుపెట్టారు. శుక్రవారం తలంటు పోసుకుంటుంటే వీపు మీద కనిపించాయి."

"ఆయాసం? కళ్లు తిరగడం? నోట్లో పుండ్లు?"

"ఏం లేదు. నాలుగు రోజులకు అవే పోయాయి."

ఆయన ఎర్రగీతల కింద నీలిసిరాతో రాశాడు: "సుమారు 50 ఏళ్ల కిందట, పెన్సిలిన్ ఇంజెక్షన్లు, 5 రోజులకు దద్దుర్లు, ఊపిరి ఇబ్బంది లేదు, పుండ్లు లేవు, వాటంతటవే తగ్గాయి. అలర్జీ క్లినిక్‌లో పరీక్ష చేయించాలి." తారీఖు వేసి సంతకం పెట్టాడు.